ఇల్లు దాటితే తెరుచుకోని ఫోన్

గద్వాల నుంచి వనపర్తి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న నేతపని చేసే ఆమె, ఫోన్ మీద బొటనవేలు పదే పదే నొక్కుతోంది. కాన్పుకు దవాఖానలో చేరిన కూతురు చేసిన ఫోన్, సంచిలోంచి తీసేలోపే ఆగిపోయింది.

"ఇంట్ల ఉంటే దానంతటదే తెరుచుకుంటది బిడ్డా, బయటికొస్తే వేలడుగుతది. మగ్గం ఖాళీగున్నప్పుడు అల్లుడు వేలిగుర్తు ఎక్కిచ్చిండు, తాళం నంబరు ఆయనకే ఎరుక. ఇప్పుడు పోగులొత్తి గీతలరిగినయి."

నా ఫోన్ ఇవ్వబోయాను. కూతురి నంబరు ఆమెకు నోటికి రాదు.

"నువ్వే చూడు" అంటూ వేలు నా అరచేతిలో పెట్టింది. పట్టుపోగంత నున్నగా ఉంది. అలాగే పట్టుకున్నాను.

బీచుపల్లి వంతెన మీద ఫోన్ మళ్లీ మోగింది. ఎత్తడానికి వేలిగుర్తు అక్కర్లేదు.

"మంచిగున్నవా? ఆడపిల్లనా!"

వనపర్తి వచ్చేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. నేనూ వెనక్కి తీసుకోలేదు.