దండోరా పడని ఊరు

1939 సెప్టెంబరు. నేను మార్కాపురం తాలూకా కచేరీలో గుమాస్తాని. మా తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. ఇంగ్లండు జర్మనీ మీద యుద్ధానికి దిగగానే, ఇండియా కూడా యుద్ధంలో ఉందని ఢిల్లీలో వైస్రాయి దొర ప్రకటించాడు. ఆ సంగతి ఊరూరా దండోరా వేయించమని గ్రామ మునసబులకు తాఖీదులు పంపాం. వేయించాక మునసబు మాకు రాసి పంపే కాగితాన్ని కంప్లయన్స్ రిపోర్టు అంటారు. ఆజ్ఞ నెరవేరిందని ఒక్క ముక్క, కింద సంతకం. అంతే.

తర్లుపాడు పక్కనున్న ఒక్క ఊరు తప్ప అన్ని ఊళ్ల రిపోర్టులూ వచ్చాయి. అక్కడి మునసబు కోటిరెడ్డి పంపిన కాగితం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ యుద్ధానికి ముందు ఎవరిని అడిగినారో తెలిపితే దండోరా వేయిస్తాను" అని రాశాడు. తహసీల్దారుగారు తల పట్టుకున్నారు.

"ఇది పైకి పంపితే సస్పెన్షన్ ఖాయం. తాతల నాటి మునసబీ పోతుంది. మంచివాడయ్యా! నువ్వే వెళ్లి ఆ పనేదో చేయించి, రిపోర్టు రాయించుకురా" అన్నారు.

ఎండలో ఎద్దులబండి ప్రయాణం. నడుములు విరిగాయి. బండి దిగుతూనే కసిరాను. "ఏమండీ రెడ్డిగారూ, రాజకీయాలు చేయడానికి మీకు మునసబీయే దొరికిందా?"

ఆయన నొచ్చుకోలేదు. మజ్జిగ ఇప్పించి, "రాజకీయం ఏంది సామీ? తప్పెట కొట్టేవాడు కొట్టనంటున్నాడు" అన్నాడు.

ఆ తప్పెట కొట్టే మనిషి ఏసోబు. అరవై దాటినవాడు, క్రైస్తవుల పేటలో ఉంటాడు. పిలిపిస్తే వచ్చి నిలబడ్డాడు. "గొడ్డు తప్పిపోయినా కొడతా, అధికారులొచ్చినా కొడతా సామీ. కయ్యానికి మాత్రం ఇంటికొకరు వచ్చి సరే అంటేనే కొట్టేది. అది మా ఊరి కట్టు" అన్నాడు.

కోటిరెడ్డి అందుకున్నాడు. "మా నాయన మునసబుగా ఉన్నప్పుడు కొండ మీది గడ్డి కాడ పక్కూరితో పేచీ వచ్చింది. ఎవరినీ అడగకుండా మా నాయన దండోరా వేయించినాడు. మగాళ్లంతా కర్రలు తీసుకొని పోయినారు. ఏసోబు వాళ్లన్న తిరిగి రాలేదు." ఏసోబు వైపు చూసి, "ఆ పొద్దు తప్పెట కొట్టింది ఏసోబే. ఆ తర్వాత మా నాయనే ఈ కట్టు పెట్టినాడు" అన్నాడు.

"మరి కాగితంలో ఏసోబు పేరు రాయలేదేం?"

"రాస్తే వాని పని పోతాది. నాకు పొలముంది సామీ. వానికేముంది?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. సిగ్గేసింది. "సరే, ఇంటికొకర్ని పిలవండి, అడిగేద్దాం" అన్నాను. చిటికెలో తేలిపోతుందనుకున్నాను.

జనం చావడి ముందు కూర్చున్నారు. తాఖీదు చదివాను. తన ఇంటి తరఫున వచ్చిన ఓబులమ్మ అనే వితంతువు లేచింది.

"బిడ్డా, మనోళ్లు ఓట్లేసి మద్రాసుకు మెంబర్లను పంపినారు గదా, వాళ్లను అడిగినారా?"

"లేదమ్మా."

"ఢిల్లీలో ఇంకో సభ ఉందంటనే, దాన్నన్నా?"

"దాన్నీ అడగలేదు."

"మరి అంతమందిని కాదని ఒక్క దొర ఎట్ల చెప్పినాడు?"

ఎనిమిదేళ్ల సర్వీసు నాది. ఇలాంటి ప్రశ్న ఎన్నడూ వినలేదు. సరే అనేవాళ్లు చెప్పమన్నాను. ఒక్కరంటే ఒక్కరు సరే అనలేదు. ఏసోబు తప్పెట కింద పెట్టేశాడు.

ఉత్త చేతులతో వెళితే కోటిరెడ్డి మునసబీ ఊడుతుంది. తాఖీదు మళ్లీ తీసి చదువుకున్నాను. యుద్ధం సంగతి జనానికి తెలియాలి, దాని ఉద్దేశం అదే. ఇంటికొకరు చొప్పున విననే విన్నారు! అరుగు మీదే కూర్చొని, "యుద్ధ వార్త గ్రామంలో ప్రతి ఇంటికీ తెలియజేయడమైనది" అని రాశాను. అక్షరం అబద్ధం లేదు. కోటిరెడ్డి రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు.

తహసీల్దారుగారు అది చూసి, "దండోరా అన్న మాట లేదే?" అన్నారు.

"వార్త అందని ఇల్లు లేదండీ" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, చిన్నగా నవ్వి, కాగితం ఫైల్లో పెట్టారు.

మరుసటి నెలలో, మన సభలను అడగకుండా యుద్ధంలోకి దించారని మద్రాసు మంత్రులు రాజీనామా చేశారు. ఆ వారమే కోటిరెడ్డి కచేరీకి వచ్చాడు. "మీ మునసబీకి ఢోకా లేదు" అని సంబరంగా చెప్పాను. ఆయన మొహంలో సంబరం కనపడలేదు.

"ఏసోబు ఒక మాట అడగమన్నాడు సామీ. నేను తొందరపడితే వాడు తప్పెట కింద పెడతాడు. ఆ దొర తొందరపడితే కింద పెట్టేవాడు ఎవరు అని."

మంత్రులు దిగిపోయారు, యుద్ధం మాత్రం ఆగలేదు. ఆ కేసు నాకు నేర్పింది ఇదే: ఒకరికి పెత్తనం ఇచ్చేనాడే, కయ్యానికి కాదనే హక్కు ఇంకొకరి చేతిలో పెట్టి ఉంచాలి. కయ్యం మొదలయ్యాక వెతికితే అది దొరకదు.