ఇల్లివ్వని సొసైటీ

మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా వాళ్ల బడిలో హానర్ సొసైటీ అని ఒకటి పెట్టారు. అమెరికా బడుల్లో ఉంటుందట. మార్కులు, నాయకత్వం, సేవ, క్యారెక్టర్, ఈ నాలుగూ ఉన్న పిల్లల్ని ఏరి, ప్రమాణం చేయించి, చొక్కాకు ఒక బిళ్ల పెడతారు. బడి మూతబడి పిల్లలు ఫోన్లలో చదువుకుంటున్న రోజులవి. చొక్కా ఇస్త్రీ చేసే పని కూడా లేదు. అయినా మా పిల్లకు ఆ బిళ్ల కావాలి. ఆ క్లాసులో సగం మంది సూరత్ రింగ్ రోడ్ బట్టల దుకాణాల యజమానుల పిల్లలు. పవర్‌లూమ్ మగ్గాలు చూసుకునే మాస్టర్ కూతురు ఇదొక్కతే. ‘ఫీజు కట్టి చేరాను గాని ఇంకా లోపలికి రాలేదు’ అని ఒకసారి నాతో అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది, అందుకే సరే అన్నాను.

క్యారెక్టర్ తేల్చడానికి బడివాళ్లు పెట్టిన పద్ధతి వేరు. చుట్టం కాని మనిషి, పిల్లను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి, అలాంటి ఒకరి ఫోన్ నంబరు ఇవ్వాలి. బడివాళ్లే ఫోన్ చేసి అడుగుతారు. ఆ మనిషికి ముందుగా చెప్పకూడదు. చెబితే నేర్పించినట్టట.

“దొంగల గురించి గిట్ల అడుగుతరు, పిల్లల గురించి కాదు” అన్నాను.

“మమ్మీ, ప్లీజ్. అందరికీ అదే రూల్. నువ్వు బహస్ చేయకు.”

మా వరసలో సగం గదులు ఖాళీ. మొదటి లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయిన మగ్గాల వాళ్లు కొందరు తిరిగొచ్చారు గాని, రెండో విడత రోగం చూసి మళ్లీ పోయారు. ఉన్నవాళ్లంతా ఏదో ఒక వరసన మాకు చుట్టాలే. ఇక మిగిలింది ఇంటి యజమాని. కరీంనగర్ దిక్కు నుంచి పడుచువాడుగా వచ్చి, మగ్గం నడిపి, ఈ గదులు కట్టుకున్న పెద్దాయన. అందరం కాకా అంటాం. మా పిల్ల ఆయన కళ్ల ముందే పాకింది, నడిచింది. ఆయన నంబరే ఇచ్చాం.

వారం తిరగకముందే క్లాసు టీచరు ఫోన్ చేసింది. గుజరాతీ ఆవిడ, హిందీలో మెత్తగా మాట్లాడుతుంది. మిగతా మూడూ బాగున్నాయి గాని క్యారెక్టర్ రిపోర్టే బాగా లేదని అంతే మెత్తగా చెప్పింది. ఎదిగిన ఆడపిల్ల విషయంలో ఆ మాట వింటే తల్లికి ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదనుకోను. ఏం రాసుకున్నారో చదవమన్నాను. చదివింది. ఇంట్లో రోజూ గొడవలు. తల్లి నోరు మంచిది కాదు. పిల్ల మెట్ల మీద వాడలోని పిల్లలందరినీ పోగేసి గోల చేస్తుంది. మాంసం వండుతారు, వాసన కింది దాకా వస్తుంది. నీళ్ల మోటారు వేసి కట్టేయరు.

మెట్ల మీద గోల అన్నది మేము సేవ కింద రాసిందే. ఫోన్లు లేని పిల్లలను కూర్చోబెట్టుకుని మా పిల్ల లెక్కలు చెప్పేది.

మర్నాడు పదకొండింటికి కమిటీ వీడియోలో కూర్చుంటుందనీ, చెప్పుకునేది ఉంటే రమ్మనీ అంది టీచరు.

మా ఆయన సూరత్ అవతల కిమ్‌లో ఉన్నాడు. రోగం భయానికి సేఠ్ పనివాళ్లను ఫ్యాక్టరీలోనే ఉంచుకున్నాడు. ఫోన్‌లో అంతా విని, “నువ్వు జర నోరు కాపాడుకో” అని మాత్రం అన్నాడు. కాపాడుకునేదాన్నైతే ఆయనకు ఫోన్ ఎందుకు చేస్తాను? మెట్లు దిగాను. దిగుతుంటే ఒక్కటే అర్థం కాలేదు. బడివాళ్లకు నీళ్ల మోటారు సంగతి ఎందుకు చెప్పాడు?

కాకా గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. మాస్కు గడ్డం కింద ఉంది. నన్ను చూసి పైకి లాక్కున్నాడు.

“కాకా, మా పిల్ల నీకేం చేసింది?”

“ఏం చేస్తది బిడ్డా, బంగారమసొంటి పిల్ల.”

“నా ముంగట బంగారం. మరి ఫోన్ల ఏమన్నవ్?”

ఆయన వీధి వైపు చూశాడు. తరవాత ఆయనకే కోపం వచ్చింది.

“నువ్వు నాకు చెప్పినవా? ఇల్లు ఖాళీ చేస్తున్నమని ఒక్క మాట చెప్పినవా? ఇన్నేండ్లు నా బిడ్డల లెక్క చూసుకుంటి.”

“ఎవరు ఖాళీ చేస్తున్నరు?”

“నాకు తెల్వదనుకున్నవా? ఆ సొసైటోళ్లే ఫోన్ చేసిన్రు. హానర్ సొసైటీ నుంచి మాట్లాడుతున్నం, ఆ ఇంటోళ్లు ఎట్లాంటోళ్లు, పిల్ల ఎట్లాంటిది అన్నరు. యాడుంది అది, అడాజన్ దిక్కా?”

అప్పుడు అర్థమైంది. సూరత్‌లో సొసైటీ అంటే ఇళ్ల కాలనీ. అద్దెకు పోతే ఏం తింటారు, ఎలా ఉంటారు అని పాత యజమానికి ఫోన్ చేసి అడిగే సొసైటీలు బోలెడు. మా కులం, మా కూర తెలిశాక తలుపు వేసినవీ ఉన్నాయి. ఆ ప్రశ్నలకు ఏ జవాబిస్తే ఇల్లు దొరకదో కాకాకు బాగా తెలుసు. అదే ఇచ్చాడు.

“అది ఇండ్ల సొసైటీ కాదు కాకా. బడిది. మంచి పిల్లలను ఏరి బిళ్ల ఇస్తరు.”

“ఇల్లియ్యరా?”

“ఇయ్యరు.”

“మా ఊర్ల సొసైటీ అంటే నేతోళ్లకు నూలిచ్చేది. ఈడ సొసైటీ అంటే ఇల్లు. ఏమియ్యని సొసైటీ నేనెన్నడు ఇనలే.”

నాకు నవ్వు రాలేదు. రేపు పైకొచ్చి నిజం చెప్పమన్నాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

“అబద్ధమాడిన్నని బడి పంతుళ్ల ముంగట చెప్పాల్నా? ఈ వాడల నలుగురు నన్ను పెద్దమనిషంటరు.”

“ఆడేటప్పుడు యాడవోయింది పెద్దరికం?”

ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మెట్ల మలుపులో మా పిల్ల నిలబడి ఉంది. అంతా వింది. “నువ్వు అడిగితే రాడు మమ్మీ. నువ్వు అడగవు, కొడతవు” అని నన్ను దాటుకుని దిగిపోయింది. కాసేపటికి తిరిగొచ్చింది. వస్తానన్నాడా అంటే తెలియదంది. ఏమన్నావంటే, “ఎక్కడికీ పోతలేం తాతా అని చెప్పిన. అంతే.”

మర్నాడు ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి కూర్చున్నాం. తెరలో ముగ్గురు. వైస్ ప్రిన్సిపల్, క్లాసు టీచరు, మాట్లాడని ఒకాయన. కాకా లేడు. నేను జరిగింది చెప్పాను. చెబుతుంటేనే తెలిసింది, వినేవాళ్లకు అది కట్టుకథలా ఉందని. వైస్ ప్రిన్సిపల్ కళ్లద్దాలు సర్దుకుని, “ఆ పెద్దమనిషి స్వయంగా చెప్పకపోతే మేమేం చేయగలం?” అంది.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. కాకా తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పోలీస్ స్టేషన్లో నిలబడ్డట్టు ఫోన్ ముందు నిలబడ్డాడు. హిందీలో, ఒక్క ఊపిరిలో, అదంతా అబద్ధమని చెప్పేశాడు.

“అప్పుడు అబద్ధం చెప్పారు. ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా నమ్మాలి?” అని అడిగింది వైస్ ప్రిన్సిపల్.

“చెడ్డోళ్లయితే వజ్రాలసొంటోళ్లు, తీసుకపొండ్రి అని చెప్తును మేడమ్. పీడ పోతుండె. మంచోళ్లు గాబట్టే పోవద్దని అబద్ధమాడిన.”

మాట్లాడని ఆయన నవ్వు దాచుకోవడానికి తల వంచాడు. వైస్ ప్రిన్సిపల్ మాత్రం నవ్వలేదు. “మరి తల్లి గురించి చెప్పింది?”

కాకా నా వైపు చూడలేదు. “అది నిజమే మేడమ్. గని పిల్ల గట్ల గాదు.”

అందరి కళ్లూ నా మీదే. ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. చెప్పాలి. రాత్రంతా నా గొంతులో ఒకటే ఉంది: మా ఇంట్లో వండేది పిల్ల క్యారెక్టర్ కింద ఎందుకు రాశారు? కాకా చెప్పాడు సరే, రాసిన చెయ్యి మీదే కదా? కానీ ఇప్పుడు నోరు తెరిస్తే కాకా సాక్ష్యానికి నేనే ముద్ర వేసినట్టు. బల్ల కింద మా పిల్ల నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. “ఏం లేదు మేడమ్” అన్నాను. ఆ మాట నా నోట వస్తుందని మా ఆయన కూడా నమ్మడు.

మణికట్టు మీద పట్టు వదులైంది. “మేడమ్, నేనొకటి అడగొచ్చా?” అంది మా పిల్ల. గొంతు పెరగలేదు. “మేము మాంసం వండుతామన్నది క్యారెక్టర్ దగ్గర ఎందుకుంది? అది ఉంటే నన్ను తీసుకున్నా నాకు ఒద్దు.”

అంత కావాలనుకున్న పిల్ల, అందిన దాన్ని తానే కాలితో తన్నేసుకుంటోంది.

తెర మీద ముగ్గురూ కదల్లేదు. ఫోన్ ఆగిపోయిందనుకున్నాను. తరవాత మమ్మల్ని కాసేపు బయట ఉండమన్నారు. బయటంటే ఫోన్‌లోనే, తెర మీద ఒక చక్రం తిరుగుతుంది. “అయిపోయిందా?” అన్నాడు కాకా.

చక్రం ఆగింది. వైస్ ప్రిన్సిపల్ ఒక్కతే ఉంది. ఆ వాక్యం రాయవలసింది కాదంది. కొట్టేశామంది. పిల్లను తీసుకున్నామంది. చివరగా, ప్రశ్నలు ఎలా అడగాలో నేర్చుకుంటే ఇంకా పైకొస్తావంది. అడగడం వరకు నేను నేర్పాను. ఎలా అన్నది ఆ సొసైటీయే నేర్పనీ.

మా పిల్ల థాంక్యూ చెప్పి, ఫోన్ కట్టేసి, నిజంగా కట్టయిందో లేదో రెండుసార్లు చూసుకుంది.

“ఇప్పుడు మాట్లాడు మమ్మీ.”

మాట్లాడాను. కాకా కుర్చీ జరుపుకుని, నేనిచ్చిన చాయ్ తాగుతూ, చివరిదాకా విన్నాడు.