డ్రైవ్‌కు పెట్టిన బొట్టు

ఛీ, ఈ రోజు నా సగం దినం మట్టిలో కలిసిపోయింది. మా ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ లోపలి డిస్క్ పాడైనప్పటి నుంచి, బయట తగిలించిన డ్రైవ్‌తోనే దాన్ని ఆన్ చేస్తున్నాం. నిన్న సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాను. పొద్దున ఆన్ చేస్తే డ్రైవ్ దొరకలేదంటూ నల్ల స్క్రీన్ వచ్చింది. సాయంత్రం పెళ్ళికి కట్టాల్సిన ఫ్లెక్సీ డిజైన్ అందులోనే ఉంది. అప్‌గ్రేడ్‌ను తిట్టుకుంటూ మధ్యాహ్నం దాకా సెట్టింగులన్నీ కెలికాను. చివరికి కేబుల్ పీకి చూస్తే, డ్రైవ్ బెజ్జం నిండా గంధం, కుంకుమ!

షాపులో నాతోపాటు ఉండే మా అన్నను పిలిచి అడిగాను.

“శుక్రవారం గదరా, పొద్దున్నే అన్నిటికీ పెట్టినట్టే దానికీ బొట్టు పెట్టి, వైరు మళ్ళా గుచ్చినా.”

“బెజ్జంలో పెట్టినావేందన్నా?”

“దాని మొగం యాడుండాదో నాకేం తెల్సు?”

పుల్లతో గోకి, శుభ్రంగా తుడిచి తగిలిస్తే కంప్యూటర్ లేచింది. నేను ఊపిరి పీల్చుకునేలోగా మా అన్న స్క్రీన్‌కు దణ్ణం పెట్టి, “సూసినావా, పూజ చేసినాం గాబట్టే లేసింది” అన్నాడు.

ఫ్లెక్సీ ఎలాగో టైముకు వెళ్ళింది. వచ్చే శుక్రవారం నేను దాచాల్సింది డ్రైవ్‌నా, కుంకుమ భరిణెనా, మీరే చెప్పండి.