తాడు పట్టే బామ్మర్ది

నల్లమలలో హనుమంతును ఎరగని చెంచు లేడు. తేనె తీయడంలో ఎంతటివాడో, కబుర్లు చెప్పడంలో అంతకు మించినవాడు. నోట్లో నువ్వుగింజ నానదు. కృష్ణ ఒడ్డున నిట్టనిలువు చరియకు తాడు మీద వేలాడుతూ, చుట్టూ తేనెటీగలు ముసురుతుంటే, అక్కణ్నుంచి కనిపించిందంతా గుర్తుపెట్టుకునేవాడు. లంకలో మొసలి, అవతలి గట్టున ఎవరిదో గొర్రెల మంద. సాయంత్రం అదంతా పెళ్లాం కాశమ్మకు చెప్పేదాకా అన్నం సయించేది కాదు.

ఆ చరియల మీద చెంచుల్లో ఒక కట్టుబాటు ఉంది. కిందికి దిగేవాడి తాడును పైన పట్టేది అతని బామ్మర్దే. అన్న పనికిరాడు, తమ్ముడూ పనికిరాడు. అన్నదమ్ములకు ఏ పాత పగ ఎప్పుడు గుర్తొస్తుందో ఎవరికి తెలుసు? బామ్మర్ది చెయ్యి జారితే మాత్రం అతని తోడబుట్టినదే విధవవుతుంది. బామ్మర్ది బతక కోరును, దాయాది చావ కోరును అని మైదానంవాళ్లు ఊరికే అంటుంటారు. చెంచులు ఆ సామెతను నమ్మి ప్రాణాలే వేలాడదీశారు. ఇరవై ఏళ్లుగా హనుమంతు తాడు కాశమ్మ తమ్ముడు బయన్న చేతుల్లోనే ఉంది.

యుద్ధం మూలంగా కిరసనాయిలు దొరకని ఏడు అది. చలికాలంలో కాశమ్మ జ్వరంతో పోయింది. వైశాఖానికి తేనెపట్టులు నిండాయి. ఎప్పటిలాగే నాలుగు కుటుంబాలు వచ్చి, కొండరేవు అనే చిన్న ఊరికి ఎగువన, చరియ మీద ఆకు గుడిసెలు వేసుకున్నాయి. మొదటి సాయంత్రమే పెద్దమనిషి భీమన్న తేల్చేశాడు.

"అక్కనే లేనంక బామ్మర్ది యాడికెళ్లి వచ్చె? ఇంకోదాన్ని చేసుకో హనుమంతూ. దాని తమ్ముడు పట్టుకుంటడు తాడు. లేకుంటే దిగొద్దు."

బయన్న తల వంచుకుని తాడు తడుపుతూనే ఉన్నాడు, ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనమే హనుమంతును పొడిచింది. ఇంకో పెళ్లి మాట అతనికి గిట్టదు. మరి ఇప్పుడు ఏమీ కాని బయన్న చేతిలో ప్రాణం ఎట్లా పెట్టడం? దిగకపోతే తనను చెంచు అని ఎవరంటారు?

తెల్లారాక కాలుగాలిన పిల్లిలా కాసేపు తిరిగి, ఎవరికీ చెప్పకుండా కొండ దిగి ఊళ్లోకి నడిచాడు. ఆ ఊరు చూడాలని కాశమ్మకు ఎంత ఆశో. పైనుంచి పొయ్యిల పొగ మాత్రమే కనిపించేది. "వచ్చే ఏడు పోదాం" అని ఏటా అనేవాడు. ఆ పాపం తనదేనని అతనికి తెలుసు.

రేవులో బోర్లించిన పుట్టి కింద పడవవాడు నిద్రపోతున్నాడు. కాళ్లు మాత్రం ఎండలో ఉన్నాయి. 'సూడు కాశీ, తాబేలు లెక్క పండిండు' అన్నాడు హనుమంతు మనసులో. ఆమె నవ్వినట్టే అనిపించింది. ఇక ఆగలేదు. దర్జీ మిషన్ తొక్కుతుంటే సూది కింద నుంచి జారే ఎర్రగుడ్డను చూపించాడు. మిద్దె మీద ఆరేసిన మిరపకాయలను చూపించాడు. నీటి వెలుగు సున్నపు గోడల మీద కదులుతోంది, ఇళ్లన్నీ మెల్లగా ఎటో పోతున్నట్టున్నాయి. ఏ సందు పట్టినా చివరికి ఏరే ఎదురొచ్చేది. అడవిలో ఏనాడూ దారి తప్పనివాడు ఇక్కడ మూడుసార్లు తప్పాడు. తప్పినకొద్దీ ఆమెకు చూపించడానికి ఇంకో సందు దొరుకుతుంటే అతనికి సంతోషమే. ఇరుకైన చోట గోడకు ఒదిగి ఆమెకు దారి ఇచ్చాడు.

అరుగు మీద జొన్నలు చెరుగుతున్న ముసలమ్మ చేట ఆపింది.

"ఎవరింటికి పోవాలె నాయినా?"

"ఎవరింటికీ కాదవ్వా. ఊరు సూస్తున్న."

"ఊరు సూడనీకె ఒక్కనివే వచ్చినవా? ఇంటామెను తోల్కరాలే?"

"తోల్కొచ్చిన."

ముసలమ్మ అతని వెనక్కి తొంగిచూసింది. సందు ఖాళీ. తర్వాత అతని ముఖం చూసింది. లోపలికి పోయి రెండు చెంబులతో నీళ్లు తెచ్చింది.

"ఎండల వడి వచ్చిండ్రు. జర కూసొని తాగుండ్రి."

హనుమంతు అరుగు అంచున కూలబడ్డాడు. కాశమ్మ పోయిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ముసలమ్మ జొన్నలు చెరుగుతూ పక్కనే ఉంది.

పొద్దు వాలేవేళకు కొండెక్కాడు. బయన్న చరియ అంచున ఒక్కడే కూర్చుని ఉన్నాడు. హనుమంతు ఈసారి దాచుకోలేదు.

"బయన్నా, మీ అక్క లేదు. నేను పడితే ఇంక నీకేం పోతది?"

బయన్న దిగ్గున లేచాడు. "ఏం పోతదా? అమ్మ లేదు, అయ్య లేడు. అక్క ఎట్ల నవ్వేదో, ఏం తింటనని మారాం చేసేదో యాదికున్నోనివి నువ్వొక్కనివే. నువ్వు గూడ పోతే ఆమె ముచ్చట నేనెవరితోని జెప్పుకోవాలె? నిన్న నోరు రాలే బావా. నువ్వు ఇంకోదాన్ని తెస్తనంటవేమోనని భయమైంది."

హనుమంతు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

మర్నాడు పొద్దున భీమన్న గొణుగుతూనే చరియ దగ్గరికి వచ్చాడు. హనుమంతు నడుముకు తాడు బిగించుకుని అంచున నిలబడ్డాడు. ఏటా రెండో కొసను అక్కడున్న చెట్టుకు కట్టి, నడిమి తాడు పట్టుకునేవాడు బయన్న. ఈసారి చెట్టు వైపు పోలేదు. ఆ కొసను తెచ్చి తన నడుముకే కట్టుకున్నాడు.