మైకు దగ్గరికి పోని రోజు

నాలుగు వానాకాలాలుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేదు, కక్కలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను, నువ్వు రాయి. నాకు సంతకం తప్ప రాదు.

మాది బోధన్ అవతల, మంజీర ఒడ్డున ఊరు. మా ఆయన పోయాక బీడీలే నా బతుకు. పొద్దంతా గడపలో చేట ముందే కూర్చుని ఉంటానని, వరద కబుర్లు చూసే ఆఫీసరు ఒకాయన వచ్చి నా ఫోన్ నంబరు రాసుకుపోయాడు. పైన తిరిగే ఉపగ్రహం ఎగువన ఎక్కడ వాన పడుతోందో, నీళ్లు ఎంత దూరం పరుచుకున్నాయో చూస్తుందట. ఏరు పొంగేలా ఉంటే ఫోన్ మోగుతుంది, ఒక ఆడగొంతు చెబుతుంది. నేను పంచాయతీకి పోయి మైకులో చెప్పాలి. అంతే నా పని.

రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ జనం చేన్లలో పని వదిలి ఉరికొచ్చారు. ఏరు రాలేదు. అప్పటి నుంచి నాకు సాటిలైటు అవ్వ అని పేరు పెట్టారు. అందరికంటే ఎక్కువ నవ్వింది పక్కింటి సాయవ్వ. "అక్కా, నీ చుక్క ఇయ్యాల ఏమంటున్నది? బట్టలు ఆరేయాల్నా, వద్దా?" అనేది. మనసులో ఏమీ లేని నవ్వు. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు గుచ్చుకునేది.

మూడోసారి ఫోన్ మోగిన మధ్యాహ్నం ఎండ కాస్తోంది. ఊరు సగం బోధన్ అంగడికి పోయింది. సాయవ్వ ఏటి పక్క తోటలో చెరుకు గాలికి పడిపోకుండా జడలు చుట్టడానికి పోయింది. పోతూ నా గుమ్మం ముందు ఆగి, ఆకాశానికి దండం పెట్టి నవ్వింది.

ఫోన్‌లో ఆ గొంతును చివరిదాకా విన్నాను. మంజీర. మూడు గంటల్లో. ఒడ్డున ఎవరూ ఉండొద్దు. అర్థం కాలేదని ఎలా అనను? అంతా అర్థమైంది. ఫోన్‌ను చేట కింద బోర్లా పెట్టి, కత్తెర తీసుకుని ఆకు కత్తిరించాను.

ఎందుకు పోలేదు? మళ్లీ నవ్వుతారని భయమా? ఎండను చూసి నమ్మలేదా? ఇన్నాళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను. కానీ కత్తెర పట్టుకున్నప్పుడు లోపల ఒక మాట అనుకున్నాను. తడవనీ. ఒక్కసారి చీర తడిస్తే ఆ నవ్వు దిగుతుంది. ఆమె చావాలని అనుకోలేదు. తడవాలని మాత్రం అనుకున్నాను.

చెరుకు మనిషికంటే ఎత్తు. నడుమ ఉన్నవాళ్లకు నీళ్లు వస్తున్నా కనబడవు. సాయవ్వ మూడో రోజు దొరికింది.

పదకొండో రోజు అయ్యాక ఆమె మొగుడు పోశెట్టి వచ్చి నా గడపలో కూర్చున్నాడు.

"వదినె, ఆనాడు మైకుల చెప్పినవా?"

"చెప్పిన."

"మరి గామె ఎందుకు రాలే?"

నేను చేటలోకి చూస్తూ అన్నాను: "ఇన్నదేమో. ఇని నవ్వుకున్నదేమో."

మైకు మోగలేదని ఎవరైనా అంటారనుకున్నాను. ఎవరూ అనలేదు. నా మాట పట్టించుకోవడం అప్పటికే మానేసిన జనం. చెప్పే ఉంటుందిలే అనుకున్నారు. ఇప్పుడు పోశెట్టి పెత్రమాసకు, పెద్దల అమావాస్య నాడు, ఆమె పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు కూడా, చెప్తే ఇనకపోతివి అని తిడతాడు. బిడ్డ పక్కనే నిలబడి వింటుంది. తల్లి మొండిదని ఆ పిల్లకు తెలిసిపోయింది. ఎవరు తెలిపారు? నేను.

ఊరు మాత్రం నన్ను నమ్మడం మొదలుపెట్టింది. మొన్న ఫోన్ మోగితే పరుగున పోయి చెప్పాను. ఒక్కరు నవ్వలేదు. మైకు ఇంకా చేతిలోనే ఉంది, ఆ మాట నోటిదాకా వచ్చింది. ఎదురుగా పోశెట్టి మేకలను తోలుకుని గట్టెక్కుతూ నాకు చెయ్యెత్తి మొక్కాడు. మైకు బంద్ చేశాను.

అందుకే నీకు చెబుతున్నాను. ఆ రోజు నేను మైకు దగ్గరికి పోలేదు. సాయవ్వ వినకపోవడం కాదు, వినడానికి ఏమీ లేదు.

రాశావా? ఒకసారి చదువు. నా చెవులతో విననీ.