నా కడుపులో ఊపిరాడనిది

ఆ రోజు స్నానం చేసి రాగానే ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. చీర విప్పి దులిపాను. ఒక్క చీమ కూడా లేదు. అరచేతులు మాత్రం గోరింటాకు పండినట్టు ఎర్రగా ఉన్నాయి. నేను గోరింటాకు పెట్టుకుని ఏడాది దాటింది.

మాది విడవలూరు మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. మా ఆయన వేటకు పోతాడు, నేను చేపలు ఎండబెట్టి అమ్ముతాను. ఎండలో పనిచేసే మనిషి ముఖం ఎర్రబడితే ఎవరు పట్టించుకుంటారు? తలనొప్పి ఎండ వల్లనే అనుకున్నాను, చెవుల్లో హోరు సముద్రానిది అనుకున్నాను. నెల్లూరు బస్టాండులో నిలబడినా ఆ హోరు ఆగలేదు. అది సముద్రానిది కాదని అప్పుడు తెలిసింది.

గంగమ్మ జాతరలో డప్పులు మోగుతుంటే కళ్లు తిరిగి పడిపోయాను. లేచేసరికి నుదుటిన పసుపు, చుట్టూ వేపమండలు. మా అత్త నా కాళ్లు పట్టుకుని ఉంది. ఇన్నేళ్ల కాపురంలో నా కూర బాగుందని ఒక్కసారీ అనని మనిషి!

"వేటకు ఎప్పుడు పొమ్మంటావు తల్లీ?" అని అడుగుతోంది.

"రేపు వద్దు, ఎల్లుండి" అన్నానట. నాకు గుర్తులేదు. చెప్పిన రోజు పోతే వలలు నిండాయి. ఇక చూసుకోండి, ఊరంతా నా దగ్గరికే. నా ఎర్రటి కళ్లు చూసి ఆడవాళ్లు గొంతు తగ్గించేవారు. నిజం చెప్పొద్దూ, మొదట బాగానే ఉండింది. రానురాను నాలో ఎవరో ఉన్నారని నాకే అనిపించసాగింది.

ఒకనాడు చేపలు తిరగేస్తుంటే కుడిచెయ్యి నా మాట వినడం మానేసింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

"అమ్మ పట్టుకోనుండాది" అంది మా అత్త.

"అమ్మ అయితే చెయ్యెందుకు పడేస్తాదే? ఆస్పత్రికి పోదాం పా" అని మా ఆయన బండెక్కించాడు.

నెల్లూరులో ల్యాబ్ అమ్మాయి సిరంజిలోకి రక్తం లాగితే నల్లగా, చిక్కగా వచ్చింది. మిషన్ తప్పేమోనని రెండోసారి చూసింది. తప్పు కాదు. హిమోగ్లోబిన్ మగవాళ్లకన్నా ఎక్కువ.

"మా ఊళ్లో ఆడోళ్లందరికీ రక్తం లేదంటారు. నాకుంటే మంచిదే కదా మేడం?" అన్నాను.

"ఇంత చిక్కబడితే మెదడులో గడ్డకడుతుందమ్మా. ఈసారి చెయ్యి తిరిగొచ్చింది. ప్రతిసారీ రాదు" అంది డాక్టరమ్మ.

కొంత రక్తం తీసేశారు. కొన్ని వారాల్లో మళ్లీ ఊరింది. ఎముక మూలుగ జబ్బేమోనని టెస్ట్ చేశారు, అది కాదు. ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ మాత్రం బాగా పెరిగి ఉంది. స్కాన్ తీస్తే గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే పెద్ద గడ్డ.

"ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే కిడ్నీలు ఈ హార్మోన్ వదులుతాయి, అప్పుడు ఎముకలు రక్తం తయారుచేస్తాయి. గర్భసంచి కూడా ఆడవాళ్ల హార్మోన్లను బట్టి తన మటుకు తాను ఈ హార్మోన్ కాస్త చేసుకుంటుంది. మీ గడ్డ హద్దు లేకుండా చేస్తోంది. మీకు ఊపిరి బాగానే ఉంది. దాని లోపలే ఆక్సిజన్ చాలడం లేదేమో" అంది డాక్టరమ్మ.

ఆ మాట విన్నాక పొట్ట మీద చెయ్యి వేసుకోవాలంటే ఒళ్లు జలదరించేది. లోపల ఏదో ఊపిరాడక రక్తం, ఇంకా రక్తం అని అడుగుతోంది. నా ఎముకలు నన్ను అడక్కుండా దాని మాటే వింటున్నాయి.

గర్భసంచి తీసేయాలన్నారు. మా అత్త ఏడ్చేసింది. "తీస్తే అమ్మ అలుగుతాది. నా కొడుకు పడవ తిరిగి రాదు" అంది. నాకూ భయమే. తీయకపోతే నేను పోతాను, తీస్తే ఆయనకేమవుతుందో!

"పడవ సంగతి నేను చూసుకుంటా. నువ్వు తిరిగి రా" అన్నాడు మా ఆయన.

ఆపరేషన్ అయింది. క్యాన్సర్ కాదన్నారు. హిమోగ్లోబిన్ మెల్లగా దిగింది. ఆ తర్వాత ఆయన మొదటిసారి వేటకు పోయిన రోజు అత్తా నేనూ ఒడ్డున పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్నాం. పడవ వచ్చింది. వలలో చారెడు చేపలు. మనుషులందరూ ఉన్నారు. మా అత్త నా చెంప తాకి చూసి, "సల్లగా ఉండావు. పా, బువ్వ తిందాం" అంది.

ఇప్పుడు నన్నెవరూ ఏమీ అడగరు. చేపలు ఎండబెట్టుకుంటున్నాను, చెప్పిన రోజుకు రక్తపరీక్షకు పోతున్నాను. నాలాంటి ఆడవాళ్లకు ఒక్క మాట. రక్తం తక్కువుంటే అందరూ చెప్తారు. ఎక్కువుందంటే మాత్రం సంతోషపడి ఇంటికి వచ్చేయకండి. పొట్ట స్కాన్ అడగండి. ఆ రక్తం ఎవరి కోసం తయారవుతోందో కనుక్కునే దాకా డాక్టర్‌ని వదలకండి.