నేను కూర్చున్న ఇద్దత్

“ఆ తంతి వానకు తడవనీకే.”

“తంతి సంగతి నేను చూసుకుంటాలే మావా. ముందు నువ్వెక్కు, బండి కదిలిద్ది.”

నరసరావుపేట స్టేషన్లో నా మొగుడు సైదులూ నేనూ చివరిసారి అనుకున్న మాటలు ఇవే. పటాలానికి పోతున్నవాడు దూదేకే విల్లు తంతి గురించి చెప్పాడు, నేను రైలు గురించి చెప్పాను. ఇవాళ పొద్దున పక్కింటివాళ్ళు పాత పరుపు విప్పారు. ఆ దుమ్ము ముక్కుకు తగిలిన దగ్గర నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు. నాకు వేలిముద్ర తప్ప రాదు. మా బావ, సైదులు అన్న దస్తగిరి కూతురు మీరాబీని కూర్చోబెట్టి, నేను తిరుగుతూ చెబుతున్నాను. ఆ పిల్ల రాస్తోంది. బావ గోడ అవతలే ఉన్నాడు. ఉండనీ.

సైదులు కుదురు లేని మనిషి. అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు గడప బయటే. దూదేకుల వాళ్ళలో మా ఆడవాళ్ళం పరుపులు కుడతాం, విల్లు మాత్రం ముట్టం. పెళ్ళయిన ఏడాదే ఆయన నా భుజానికి విల్లు తగిలించాడు. బావ చూసి, “ఏందిరా, ఇంక నువ్వు గాజులేసుకుని కూరొండుతావా?” అన్నాడు. “వండుతాలే అన్నా. ఒకసారి తిన్నావంటే వదినని వదిలేసి మా ఇంటికొస్తావ్” అన్నాడీయన. నేను కసిగా విల్లు మీద బాదుతుంటే పక్కన చతికిలబడి, “అట్టా కొట్టవాకే, మీటు. దూదేగా, దొంగ కాదు” అని నవ్వేవాడు. ఆ చదువే ఈ రోజుకీ నాకు కూడు పెడుతోంది.

ఆ కుదురులేనితనమే ఆయన్ని పటాలంలోకి తోసింది. సింగపూరు పడిపోయిందన్నారు, జపానువాళ్ళకు చిక్కాడన్నారు, ఆపైన ఒక్క మాట లేదు. నేను విల్లు భుజాన వేసుకుని గురజాల చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. పెళ్ళివారిళ్ళలో పరుపులు కుట్టాను, వాళ్ళతో కలిసి పాడాను, నవ్వాను. చేతినిండా గాజులు వేసుకున్నాను. మొగుడున్న దాన్నే కదా.

యుద్ధం అయిపోయాక రెంటచింతల నుంచి ఇన్నాసి అనే ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. ఎముకల మీద చొక్కా తొడిగినట్టున్నాడు. ఆయనా సైదులూ ఒకే చెరలో ఉన్నారట, సముద్రం మధ్య ఏదో దీవిలో. నేనిచ్చిన నీళ్ళు తాగకుండా చేతిలో పట్టుకునే చెప్పాడు. “అక్కడ బూరుగు చెట్లున్నయ్యమ్మా. మీ ఆయన కాయలేరి, వెదురుతో విల్లు చేసి, జరమొచ్చినోళ్ళందరికీ తలగడలు చేశాడు. కావలోళ్ళు తన్నినా మానలా. నాకూ చేశాడు. ఆయనకు జరమొచ్చినప్పుడు చేసేవోడు లేడు.” అది రెండేళ్ళ కిందటి వానాకాలం మాట అన్నాడు.

మాలో మొగుడు పోతే ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. అదే ఇద్దత్. నేను గాజులు తీసి చాప పరుచుకుంటుంటే బావ ముల్లాగారిని పిలుచుకొచ్చాడు. పాపం, ఆయన మెత్తగానే చెప్పాడు. “అమ్మా, ఇద్దత్ మనిషి పోయిన రోజు నుంచే. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. నువ్విప్పుడు కూర్చోనక్కర్లేదు.”

“నేను కూర్చోకుండా ఎట్టా తీరిద్ది సాయిబూ? నేనప్పుడు పెళ్ళిలో పాటలు పాడతన్నా.”

“తెలియకపోయినా తీరిపోద్దమ్మా. షరియత్తు అంతే.”

బావకు అదే కావాలి. ఆయన బామ్మర్ది మాచర్లలో పెళ్ళాం చచ్చి ఉన్నాడు. “ఇంకేంది మరి? అడ్డం లేదన్నారుగా. వచ్చే వారం నిఖా చేసేద్దాం. ఇంకా ఎవరి కోసం కూర్చుంటావే? శవముందా, సమాధుందా?”

“ఉన్నోళ్ళు సమాధి కాడికి పోతారు బావా. నాకు లేదు. ఇంట్లోనే కూర్చుంటా.”

కూర్చున్నాను. విల్లుకు పని దొరికే కాలమది, పొయ్యి ఆరిపోయింది. మా తోటికోడలు బావకు తెలియకుండా జొన్న సంగటి తలుపు దగ్గర పెట్టి, దగ్గి వెళ్ళిపోయేది. కాళ్ళు పీకేవి. వేళ్ళు ఊరికే ఉండలేక చాప ఈనెలు పీకేసేవి. పిచ్చిదానిలా గోడ నుంచి గోడకు తిరిగాను, గడప మాత్రం దాటలేదు. ఆయనకు స్నానం పోసినవాళ్ళు లేరు, నమాజు చదివినవాళ్ళు లేరు. ఒక మనిషి పోయాడని ఈ భూమ్మీద ఒక్కరన్నా ఆగాలి కదా! ముల్లాగారి లెక్కలో ఆయన వానల్లో పోయాడు. నా లెక్కలో ఇన్నాసి చెప్పిన పూట పోయాడు.

గడువు తీరి బయటికి వచ్చిన రోజు బావ మళ్ళీ మాచర్ల మాట ఎత్తాడు. వద్దన్నాను. ఆయన ఊరంతా నాకు మొండితనమని, మతి చలించిందని చెప్పుకున్నాడు. ఇప్పటికీ చెబుతున్నాడు. ఇప్పటికీ ఎవరైనా పోయారని వింటే నేను చేస్తున్న పని వదిలేసి కాసేపు కూర్చుంటాను, ఎవరో ఏమిటో తెలియకపోయినా. నా దగ్గర మిగిలింది ఆ కూర్చోవడమే.

ఏమే మీరాబీ, అంతా రాశావా? ముల్లాగారు వచ్చిన కాడ్నించి చదువు. గొణగవాకే, గట్టిగా. మీ నాన్నకు వినపడాల.